నూనెకు లొంగని గరగర

నూనెచుక్క మొట్టమొదటి గెలుపు గుడారాలు కుట్టే మిషన్ మీద. అప్పుడతనికి పంతొమ్మిదేళ్ళు. దళసరి కాన్వాసు కుట్టే ఆ ఇనుప మిషన్‌ను ముగ్గురు మెకానిక్కులు చూసి, ముగ్గురూ మూడు రోగాలు చెప్పి, చివరికి పాత ఇనుములో పడెయ్యమని సలహా ఇచ్చి పోయారు. అతను మాత్రం దాని ముందు పదకొండు రోజులు కూర్చున్నాడు. పన్నెండో రోజు పొద్దున కనిపెట్టాడు: ఎవరో మహానుభావుడు మిషన్‌కు కొత్తగా రంగు వేస్తూ, నూనె పోసే కన్నాన్ని కూడా రంగుతో పూడ్చేశాడు. సూదిమొనతో ఆ పెచ్చు లేపి, ఒక్క చుక్క నూనె వదిలి, చక్రం తిప్పాడు. ఏడాదిగా మూలుగుతున్న మిషన్ పెంపుడు పిల్లిలా గుర్రుమంటూ కుట్టడం మొదలుపెట్టింది. గుడారాల యజమాని అతన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆ రోజుతో మూలపడి, నూనెచుక్క అన్న పేరే నిలిచింది.

ఈ సంగతి ఆ వీధిలో ఎవరికైనా తెలియదంటే, వాళ్ళు ఇంకా టైలరక్క దగ్గర బట్టలు కుట్టించుకోలేదని అర్థం. టైలరక్క నూనెచుక్కకు సొంత అక్క, అతనికంటే తొమ్మిదేళ్ళు పెద్ద. ఇద్దరిదీ ఒకటే కొట్టు, పొడుగాటి గది. వీధివైపు సగం ఆమెది: కత్తిరింపుల బల్ల, రెండు కుట్టు మిషన్లు, నిలువుటద్దం. వెనకవైపు సగం అతనిది: ఇనుప బల్ల, గోడ నిండా మేకులు, మేకులకు స్క్రూడ్రైవర్లు, అరల్లో విప్పిన మిషన్ల పేగులు. మధ్యన తెర కూడా లేదు. ఇటు గుడ్డపీలికలు, అటు ఇనపరజను. ఊడ్చేటప్పుడు ఏది ఎవరి చెత్త అని రోజూ తగువే.

అక్క చదువు ఊరి బడిలో అయిదో తరగతి దాకా. ఆ అయిదూ ఫస్టున పాసయ్యానని చెప్పుకోని రోజు ఉంటే ఉండవచ్చుగానీ, తమ్ముడి ఘనతలు చెప్పని రోజు మాత్రం లేదు. కొలతలకు నిలబడ్డ మనిషి కదలకూడదు కదా, అదే ఆమెకు అదను. మణికట్టుకు కట్టుకున్న చిన్న దిండులోంచి ఒక్కో గుండుసూదీ తీసి గుచ్చుతూ, ఒక్కో ఘనతా చెప్పేది.

“చెయ్యెత్తండి. గుడారాల మిషన్ సంగతి చెప్పానా? చెప్పాను కదూ. సరే, వరదలో తొమ్మిది రోజులు మునిగిన మిషన్‌ని... ఊపిరి బిగబట్టకండి, నడుము కొలత తప్పొస్తుంది... బురదంతా పసిపిల్లకి పోసినట్టు నీళ్ళు పోసి కడిగి, నిలబెట్టాడు. ఆస్పత్రిలో దుప్పట్లు కుట్టే మిషన్లు నాలుగూ ఒకే పూట మొరాయిస్తే, సాయంత్రానికి నాలుగింటినీ లేపాడు. కాజాల మిషన్‌లో ముక్క విరిగితే, ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది, ఇంక దొరకదన్నారు. మావాడు చెంచా కాడ అరగదీసి ఆ ముక్క చేశాడు. ఇప్పటికీ కాజాలన్నీ ఆ చెంచాయే కుడుతోంది. ఇటు తిరగండి.”

“అక్కా, ఆయన చొక్కా కొలతలివ్వడానికొచ్చాడు. నా జీవితచరిత్ర వినడానికి కాదు,” అనేవాడు నూనెచుక్క వెనకనుంచి, తల ఎత్తకుండానే.

“నీ పని నువ్వు చూసుకోరా. గుండుసూదులు నా చేతిలో ఉన్నాయి, ఈయన ఎక్కడికీ పోడు.”

అయితే అతనిలో ఒక గుణం గురించి కూడా చెప్పుకోవాలి. మొదటి గెలుపు నూనెతో వచ్చింది గనక, లోకంలో ఏ చప్పుడుకైనా మొదటి మందు నూనే అని అతని నమ్మకం. తలుపు కిర్రుమంటే నూనె. గొడుగు తెరుచుకోకపోతే నూనె. గోడగడియారం వెనకబడితే నూనె. అతని భార్య ఆస్పత్రిలో నర్సు. “నేను రెండుసార్లు దగ్గితే చాలు, ఈయన చెయ్యి నూనెడబ్బా కోసం వెతుకుతుందొదినా,” అని అక్కతో చెప్పి నవ్వేది.

వాళ్ళకు ఒక్కతే కూతురు. ఇరవై రెండేళ్ళది, గిటారు వాయిస్తుంది. అయిదుగురున్న బృందంతో కలిసి హాళ్ళలో కచేరీలు చేస్తుంది. గిటారునుంచి వచ్చే వైరు ఒక చిన్న పెట్టెలో దూరి, అక్కణ్ణుంచి స్పీకరుకు పోతుంది. ఆ పెట్టెను కాలితో నొక్కితే గిటారు గొంతు బొంగురుగా మారుతుంది. బయట వాళ్ళు దాన్ని పెడల్ అంటారట. కానీ ఆ కొట్లో పెడల్ అంటే మిషన్ కింద తొక్కే పలకే కాబట్టి, ఆ పేరు అక్కడ చెల్లలేదు. దాన్ని డబ్బా అనేవాళ్ళు.

పిల్ల కొనుక్కున్న డబ్బా ఎండాకాలంలో పాడైంది. నూనెచుక్క మూత విప్పి చూసి, “ఇంతేనా! మా మిషన్లలో దారం కండె కూర్చునే బాబిన్ కేసులో ఇంతకంటే ఎక్కువ పనితనం ఉంది. నీకు కొత్తది నేనే చేసిపెడతానమ్మా,” అనేశాడు. అన్నాక తెలిసింది, అది ఇనుము కాదు, కరెంటు అని. అయినా మాట ఇచ్చాడు. పిల్ల ఒక కాగితం మీద గీతల బొమ్మ తెచ్చి ఇచ్చింది. ఏ ముక్క పక్కన ఏ ముక్క రావాలో అందులో ఉంది. నూనెచుక్క పగలు మిషన్లు బాగుచేస్తూ, మధ్యాహ్నం గిరాకీ లేని గంటలో టంకం పెట్టడం నేర్చుకున్నాడు. వేళ్ళు కాల్చుకున్నాడు. రెండుసార్లు మొత్తం పీకి మళ్ళీ అతికాడు. పెట్టె కోసం అక్క బొత్తాలు దాచుకునే రేకుడబ్బా అడిగి తీసుకున్నాడు. పైన తిప్పడానికి రెండు నాబులు కావాలి, ఒకటి బొంగురుకు, ఒకటి శబ్దం పెంచడానికి. వాటికి అక్క దగ్గరున్న చెక్క కోటుబొత్తాలే అతికించాడు. నాలుగు నెలలు పట్టింది.

చివరి రోజుల్లో జరిగిన ఒక చిన్న సంగతి అక్క కళ్ళారా చూసింది. అతని దగ్గర ముల్లు కదిలే పాత మీటరు ఒకటి ఉంది. ప్రతి ముక్కనూ దానితో పరీక్షించాడు. కొన్నిటికి ముల్లు లేచి నిలబడింది. గుండ్రటి గొట్టాల్లా ఉన్న రెండిటికి లేచి, మళ్ళీ పడుకుంది. ఒక్క చిన్న బిళ్ళకు మాత్రం ముల్లు ఇసుమంత కూడా కదల్లేదు.

“ఇది చచ్చిపోయిందక్కా,” అన్నాడు. “కొత్తది తెద్దామంటే రెండు వీధుల అవతల రేడియోల కొట్టు వారం రోజులు మూసుంది.”

“మరెలా?”

“దారం తెగితే ఏం చేస్తాం? ముడి వేసుకుని ముందుకు పోతాం.” అని, ఆ బిళ్ళ ఈ కాలినుంచి ఆ కాలికి చిన్న రాగితీగ వేసి అతికేశాడు. డబ్బా మోగింది. అక్క చప్పట్లు కొట్టింది. మర్నాటినుంచి ఆమె చెప్పే ఘనతల్లో చెంచా తర్వాత ఇదీ చేరింది: ‘కరెంటు డబ్బాలో ఒక ముక్క చచ్చి వస్తే, దాని కోసం ఆగకుండా తీగతో దాటించి నడిపించాడు మావాడు.’

డబ్బా గొంతు విని పిల్ల గంతులేసింది. “నాన్నా, ఆ కొన్నదానికి ఎప్పుడూ జలుబు చేసినట్టుండేది. ఇది విను, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన మనిషి అప్పుడే నవ్వబోతున్నట్టుంది.” అని ఇంకాస్త శబ్దం పెంచబోయి బొత్తాం తిప్పింది.

గర్ ర్ ర్.

ఎండిన అప్పడాలు ఎవరో స్పీకరులో కూర్చుని నములుతున్నట్టు వచ్చింది చప్పుడు. బొత్తాం తిప్పడం ఆపగానే ఆగిపోయింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ వచ్చింది. పిల్ల మొహంలో నవ్వు అలాగే ఉందిగానీ కళ్ళలోంచి దిగిపోయింది. అక్కకు ఆ తేడా తెలుసు. బిగుతైన రవిక బాగుందని మొహమాటానికి చెప్పేవాళ్ళ మొహాలు ఆమె నలభై ఏళ్ళుగా చూస్తోంది.

సంగతేమిటంటే, వాళ్ళ కచేరీలో ఒక పాట ఉంది. అందరూ వాయించడం ఆపేస్తారు. హాలంతా నిశ్శబ్దం. అప్పుడు పిల్ల డబ్బాను ముందు బల్ల మీద పెట్టుకుని, ఒక్క తీగ మీటి, చిటికెనవేలితో ఆ బొత్తాం మెల్లగా తిప్పుతూ శబ్దాన్ని నేలలోంచి మొలక లేచినట్టు పైకి తెస్తుంది. అక్కడ ఈ గరగర వస్తే పాట అంతటితో సరి. అక్టోబరు ఇరవై అయిదున బృందం తొమ్మిది ఊళ్ళ కచేరీలకు బయల్దేరుతోంది. దానికి ఎనిమిది రోజుల ముందు, బృందానికి పెద్ద దిక్కైన డ్రమ్ములాయన కొట్టుకొచ్చాడు. భారీ మనిషి, మాట మాత్రం మెత్తన. బొత్తాం తనే ఒకసారి తిప్పి విన్నాడు.

“గొంతు బంగారంలా ఉంది పెద్దాయనా. కానీ ఎవరైనా ఆవులిస్తే వినపడేంత నిశ్శబ్దంలో ఈ గరగరతో ఎలా? శుక్రవారం రిహార్సల్. అప్పటికి తగ్గితే తీసుకెళ్దాం. తగ్గకపోతే దీన్ని ఇంట్లో ఉంచి అద్దెది పట్టుకెళ్దాం. మరోలా అనుకోకండి.”

“అనుకోవడానికేముంది,” అన్నాడు నూనెచుక్క. ఆయన వెళ్ళాక చాలాసేపు చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు, చేతులకు ఏమీ అంటకపోయినా.

ఆ వారమంతా కొట్లో ఆ గరగర తప్ప మరో మాట లేదు. మొదటిరోజు ఏం చేశాడో ఎవరైనా చెప్పగలరు. బొత్తాం కింద తిరిగే ఆ నాబులోకి మిషన్ నూనె ఒక చుక్క వదిలాడు. గరగర మాయమైంది! అక్క ఆ పూట ఒక పంతులుగారి ప్యాంటుకు పదకొండు సూదులు గుచ్చుతూ పదకొండుసార్లు చెప్పింది. మర్నాడు పొద్దున్నే తిప్పితే అంతకు రెట్టింపు గరగర. విప్పి చూస్తే నూనెకు దూదిపోగులు అంటుకుని లోపలంతా ముద్దలా ఉంది.

నూనెచుక్క ఆ ముద్దను వేలితో తీసి అక్కకు చూపించాడు. “చూడు. ఇది నీ గుడ్డ నూగు.”

“నా నూగు నీ డబ్బాలోకి నడిచొచ్చిందా?”

“ఎగిరొచ్చింది. గంటకో తాను చింపుతావు. ఇక్కడ మనుషులమే దూది ఉండల్లా తయారయ్యాం, దాని సంగతి చెప్పాలా!”

“అన్నం పెట్టే గుడ్డను అంటున్నావురా!” అని అక్క మూడు గంటలు మాట్లాడలేదు. మూడు గంటల తర్వాత కత్తిరింపుల బల్లను ఒక పక్కనుంచి తనే ఎత్తడం మొదలుపెట్టింది. నూనెచుక్క పరుగెత్తుకొచ్చి రెండో పక్క పట్టుకున్నాడు. బల్ల గుమ్మం బయట, చూరు కింద పెట్టారు. ఆ వారమంతా ఆమె అక్కడే కత్తిరించింది, బస్సుల పొగలో, గాలికి ఎగిరే గుడ్డ మీద ఇస్త్రీపెట్టె బరువు పెట్టుకుని. ఊరి బడికి కుట్టాల్సిన తెరల తాను నూగెక్కువని ముట్టుకోలేదు. ఎవరైనా ‘ఇదేంటక్కా బయటికొచ్చేశావు’ అంటే, ‘లోపల మా తమ్ముడు ఆపరేషన్ చేస్తున్నాడు,’ అనేది.

నూనెచుక్క కొట్టంతా తడిగుడ్డతో తుడిచి, కొత్త నాబులు రెండు తెచ్చి, ముట్టుకుంటే మాసిపోతాయన్నంత శుభ్రంగా అతికాడు. తిప్పాడు. గర్ ర్ ర్. రెండిట్లో బొంగురు నాబు మూగది, శబ్దం నాబే గరగరమనేది. అప్పుడతను మిషన్ల దగ్గర చేసే పనే చేశాడు: రెండూ ఒకే రకం గనక ఆ చోటుది ఈ చోటుకి, ఈ చోటుది ఆ చోటుకి మార్చాడు. గరగర మాత్రం నాబు వెంట వెళ్ళలేదు. ఉన్నచోటే ఉంది.

“అంటే రోగం మనిషిది కాదు, మంచానిది,” అన్నాడు. ఆ సాయంత్రం భార్య విని, “మా వార్డులోనూ అలాంటి మంచం ఒకటుంది,” అంది. ఎవరూ నవ్వలేదు.

మంచంలో రోగం ఎక్కడుందో మాత్రం అతనికి దొరకలేదు. బుధవారం గడిచింది. గురువారం మధ్యాహ్నం అతను డబ్బా మూత బిగించి, సొరుగులో పెట్టి, సొరుగు మూశాడు.

“అక్కా, నా వల్ల కాలేదని పిల్లకు నువ్వే చెప్పు. అద్దెది పట్టుకెళ్ళమను.”

అక్క గుండెల్లో రాయి పడింది. వరదలో మునిగిన మిషన్ దగ్గర అనని మాట, ఆస్పత్రిలో నాలుగు మిషన్ల మధ్య నిలబడి అనని మాట. తల్లి పోయాక ఏడేళ్ళవాణ్ణి వెంటబెట్టుకుని తిరిగిందే, అప్పుడు కూడా వాడి నోట ‘నా వల్ల కాదు’ అన్న మాట ఆమె వినలేదు. డబ్బా ఇంట్లో ఉండిపోతే పిల్ల వేరేదానితో వాయించుకుంటుంది, దానికేం. వీడు మాత్రం ఇంక ఏ కొత్త మూతా విప్పడు. అది ఆమెకు తెలిసిపోయింది.

“జిప్పులు అయిపోయాయి, తెచ్చుకొస్తా,” అంది. అతను టీకి వెళ్ళగానే సొరుగు తెరిచి డబ్బాను గుడ్డసంచిలో వేసుకుని, రేడియోల కొట్టుకు నడిచింది.

రేడియోల పెద్దాయన కంటికి భూతద్దం తగిలించుకుని ఎవరిదో పాత రేడియో చూస్తున్నాడు.

“బాబాయ్, ఇది మా తమ్ముడు చేసింది. తిప్పితే గరగరమంటోంది. ముందు వాడి సంగతి చెబుతాను.”

“ముందు డబ్బా సంగతి చెప్పు తల్లీ.”

“డబ్బా సంగతి తెలియాలంటే వాడి సంగతి తెలియాలి.”

పెద్దాయన నిట్టూర్చి మూత విప్పుతూ కూర్చున్నాడు. అక్క మొదలుపెట్టింది. గుడారాలు అయ్యాయి. వరద అయింది. ఆస్పత్రి, చెంచా అయ్యాయి. పెద్దాయన ఊఁ కొడుతూ లోపలికి చూస్తున్నాడు. “ఈ డబ్బా కూడా తక్కువది కాదు బాబాయ్. ఇందులో ఒక ముక్క చచ్చిపోయి వస్తే, కొత్తదాని కోసం కూర్చోకుండా తీగతో దాటించి నడిపించాడు.”

పెద్దాయన చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది. “ఏదీ, ఆ చివరిది మళ్ళీ చెప్పు.”

ఇన్నేళ్ళలో ఒక ఘనతను మళ్ళీ చెప్పమన్న మనిషి ఆమెకు తగల్లేదు. మొహం విచ్చుకుని, మీటరు, ముల్లు, రాగితీగ, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. పెద్దాయన భూతద్దం తీసి ఆమెకేసి జాలిగా చూశాడు.

“ఆ ముక్క చావలేదు తల్లీ. దాని పేరు కండెన్సర్. దానికి ముల్లు కదలకూడదు. కదలకపోవడమే దాని ఆరోగ్యం.”

“మరి ఆ గొట్టాలు రెంటికీ ముల్లు లేచిందే?”

“అవీ కండెన్సర్లే, కాకపోతే పెద్ద కడుపులు. నిండేదాకా ఒక గుక్క తాగి ఊరుకుంటాయి. అందుకే ముల్లు లేచి పడుకుంది. ఈ చిన్నదాని గుక్క ఆ మీటరు కంటికి ఆనదు. చూడు, దీని లోపల రెండు రేకులుంటాయి, మధ్యన సందు. బ్యాటరీలోంచి తిన్నగా తోసుకొచ్చే కరెంటును ఆ సందు ఆపేస్తుంది. అటూ ఇటూ ఊగే పాటను మాత్రం దాటిస్తుంది. నీ మిషన్‌లో పాదం గుడ్డను అదిమిపట్టి సూదిని మాత్రం పోనిస్తుంది కదా, అలాగనుకో. మీవాడు తీగ వేసి దారి తెరిచేసరికి, పాటతోపాటు బ్యాటరీ కరెంటు కూడా వెళ్ళి ఆ నాబు మీద కూర్చుంది. తిప్పినప్పుడల్లా నాబు లోపలి కొక్కెం ఆ కరెంటును గీరుతుంది. అదే నీ గరగర. నాబులు వంద మార్చినా పోదు.”

నాబు రెండు కొసలకూ తన మీటరు పుల్లలు ఆనించి చూపించాడు. పడుకుని ఉండాల్సిన ముల్లు దర్జాగా లేచి నిలబడింది. ఆయన కట్టర్ అందుకున్నాడు. “ఒక్క నొక్కు. తీగ తెగితే సరి. కండెన్సర్ దాని చోట అది క్షేమంగానే ఉంది.”

అక్కకు తల కొట్టేసినట్టయింది. నెల రోజులుగా వీధివీధంతా చాటిన ఘనత! రోగమే అది. ఒక్క క్షణం మనసు ఊగింది. ఆయన్ని కొయ్యనిస్తే సరిపోతుంది. డబ్బాను గుట్టుగా సొరుగులో పెడితే, దానంతటదే తగ్గిందనుకుంటాడు. వాడి తప్పు వాడికి తెలియదు, తన గొప్ప తనకుంటుంది.

“ఆగు బాబాయ్! కొయ్యకు.” డబ్బాను ఆయన చేతుల్లోంచి లాగేసుకుంది. “వాడు వేసింది. వాడే తియ్యాలి.”

పెద్దాయన నవ్వి, అలాంటిదే కొత్త కండెన్సర్ ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. “సాక్ష్యానికి ఇది పట్టుకెళ్ళు.”

తిరిగి వచ్చేటప్పటికి నూనెచుక్క ఖాళీ సొరుగు ముందు నిలబడి ఉన్నాడు.

“జిప్పులు దొరికాయా?” అన్నాడు.

“దొరకలేదు గానీ ఒరేయ్, ఇలా కూర్చో. నేను ఊరంతా చెప్పుకునే నీ గొప్పల్లో ఒకటి తప్పంటరా.”

“ఏది?”

“తీగతో దాటించింది.”

మొత్తం చెప్పింది, మిషన్ పాదం దగ్గర్నుంచి పెద్ద కడుపుల దాకా. అతను కొత్త కండెన్సర్ తీసుకుని తన మీటరు పుల్లలు ఆనించాడు. ముల్లు కదల్లేదు. తిరగేసి ఆనించాడు. కదల్లేదు. డబ్బా విప్పి, నాబు కొసలకు ఆనించాడు. ముల్లు లేచింది. అలా ముల్లును చూస్తూ చూస్తూ, కడుపులోంచి ఏదో వస్తున్నట్టు భుజాలు ఊగాయి. అక్క హడలిపోయింది, ఏడుస్తున్నాడేమోనని. ఏడుపు కాదు, నవ్వు.

“అక్కా, చచ్చిందని చెప్పి నేను బతికున్నదాని నెత్తిమీద వంతెన కట్టానా! దాన్ని నువ్వు ఎంతమందికి చెప్పావు?”

“ఎంతమంది అంటే... కోట్ల సీజను కదరా.”

ఇద్దరూ నవ్వారు, గుమ్మంలో నిలబడ్డ గిరాకీ వెనక్కి తిరిగి వెళ్ళిపోయేంత సేపు. తర్వాత అతను కట్టర్ కోసం వెతికాడు. ఆ ముక్కల సందులోకి దాని మూతి పట్టలేదు. అప్పుడు అక్క తన మెడలో తాడుకు వేలాడే చిన్న కత్తెర తీసింది. ఇరవై ఏళ్ళనాటిది. కాజాలు కొయ్యడానికి తప్ప వాడదు. ఒకసారి దానితో కాగితం కత్తిరించిందని సొంత కూతుర్ని గుమ్మంలో నిలబెట్టిన మనిషి.

“ఇంద.”

“అక్కా, ఇది రాగి. పదును పోతుంది.”

“పోనీరా. కొయ్యి.”

కసుక్కుమంది. తీగ రెండు ముక్కలైంది. కత్తెర అంచు మీద నువ్వుగింజంత నొక్కు పడింది. అతను బల్ల కింది స్పీకరు పెట్టి, పిల్ల వదిలిపోయిన పాత గిటారు తీగను బొటనవేలితో మీటి, చెక్కబొత్తాం తిప్పాడు. శబ్దం లేచింది, పెరిగింది. గరగర లేదు. మళ్ళీ తిప్పాడు. లేదు. చెవి స్పీకరుకు ఆనించి తిప్పాడు. ఉత్త పాటే వచ్చింది.

“నూనె వెయ్యకుండానే,” అంది అక్క.

“నూనె వెయ్యకుండానే,” అన్నాడు నూనెచుక్క, తనే నమ్మలేనట్టు.

శుక్రవారం రిహార్సల్ పాత గిడ్డంగిలో జరిగింది. అక్క జీవితంలో మొదటిసారి ఆ పాటలకు వెళ్ళి, మడత కుర్చీలో, మణికట్టు మీద సూదుల దిండు విప్పడం మరిచిపోయి కూర్చుంది. శబ్దాలకు మొదట చెవులు మూసుకుంది. ఆ పాట వచ్చింది. అందరూ ఆపేశారు. పిల్ల ఒక్క తీగ మీటి చిటికెనవేలు బొత్తాం మీద పెట్టింది. నూనెచుక్క నేలకేసి చూస్తున్నాడు. నిశ్శబ్దంలోంచి ఆ బొంగురు గొంతు సన్నగా, సాఫీగా, ఏ రాయీ తగలని నీళ్ళలా లేచింది. పిల్ల కళ్ళు తండ్రినే చూస్తున్నాయి. ఈసారి నవ్వు కళ్ళలో కూడా ఉంది.

డ్రమ్ములాయన పుల్లలు పక్కన పెట్టి లేచి వచ్చాడు. “పెద్దాయనా, మావి కూడా మూడున్నాయి గరగరమనేవి. ఒకసారి చూస్తారా?”

నూనెచుక్క అక్కడే నేల మీద కూర్చుని విప్పాడు. రెండిట్లో ఉత్త దుమ్ము. రేడియోల పెద్దాయన దగ్గర కొనితెచ్చుకున్న, నాబులు శుభ్రం చేసే మందు చిమ్మితే సరిపోయింది. మూడోదానికి మీటరు పెట్టగానే ముల్లు లేచింది. “ఇందులో కండెన్సర్ ఓడిపోయింది, కరెంటు కారుతోంది,” అన్నాడు, పుట్టినప్పటినుంచీ అదే పని చేస్తున్నవాడిలా. జేబులోని సాక్ష్యం తీసి అక్కడ అతికాడు. అది కూడా నోరు మూసుకుంది.

“మా సామాను చూసుకునే అతను మానేశాడు,” అన్నాడు డ్రమ్ములాయన. “బండిలో ఒక సీటు ఖాళీ. మూడు వారాలు. వస్తారా?”

నూనెచుక్క చేతిలోని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. కొట్టు మొదలుపెట్టిన నాటినుంచి ఒక్క వారం మూసింది లేదు. అతను అక్కకేసి చూశాడు. అక్కకూ అప్పుడే తట్టింది, ఇన్నేళ్ళలో ఆ గదిలో వెనకవైపు సగం ఖాళీగా తను ఎప్పుడూ చూడలేదని.

“నాకేసి చూస్తావేంటి, నేనేమైనా మీటర్‌నా?” అంది. “వెళ్ళు. నీకు దారి మళ్ళీ నేను చెప్పాలా?”

ఆదివారం పొద్దున బండి వీధి మలుపు తిరిగాక అక్క కత్తిరింపుల బల్లను లోపలికి చేర్పించుకుంది. గుండుసూదుల దిండు కట్టుకుంది. మొదట వచ్చిన గిరాకీ కోటు కొలతలకు చేతులెత్తగానే, గుడారాలూ వరదా ఆస్పత్రీ చెంచా వరసగా చెప్పి, ఒక సూది గుచ్చి ఆగింది.

“ఇంకోటుంది. తను వేసిన ముడిని తనే తప్పని ఒప్పుకుని, తన చేత్తో కోసేశాడు మావాడు. అన్నిట్లోకీ పెద్దది అదే. ఇటు తిరగండి.”

“మరి ఆయనేరీ? మా మిషన్ దారం తెంపుతోంది,” అన్నాడు గిరాకీ.

అక్క గుమ్మానికి వేలాడుతున్న పలక చూపించింది. ఊరి బడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో, సున్నం పూసినట్టు తెల్లగా, తనే రాసింది: ‘నూనెచుక్క గిటారు డబ్బాలు బాగుచెయ్యడానికి తొమ్మిది ఊళ్ళు వెళ్ళాడు. మిషన్లు ఇక్కడ పెట్టి వెళ్ళండి. నూనె ఎవరూ వెయ్యొద్దు. తిరిగి వచ్చేది నవంబరు పదహారు, సోమవారం.’